వేణువుని చివరి రోజున పిలవకండి

ఆర్కెస్ట్రాలకు సంగీతం రాసే మ్యూజిక్ డైరెక్టర్లకు, అరేంజర్లకు, కండక్టర్లకు, ఫ్యూజన్ కచేరీలు పెట్టే నిర్వాహకులకు,

నమస్కారం. నేను వేణువు వాయిస్తాను. 26 ఏళ్లుగా అదే పని. కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలకు సహకారం, అప్పుడప్పుడు రికార్డింగులు, సాయంత్రాలు పిల్లలకు పాఠాలు. ఈ మధ్య దీనికి తోడు ఆర్కెస్ట్రా ఫోన్లు మొదలయ్యాయి. "సార్, స్ట్రింగ్స్ ఉన్నాయి, బ్రాస్ ఉంది, 40 మంది దాకా ఉన్నాం, మన మట్టి వాసన కోసం ఒక ఫ్లూట్ పెడదామనుకుంటున్నాం, వస్తారా" అంటారు. వెళ్తాను. ఇష్టంగానే వెళ్తాను. అంతమంది వయొలిన్లు ఒక్కసారి కమాను ఎత్తినప్పుడు ఆ మధ్యలో కూర్చుని వింటే ఒళ్లు జలదరిస్తుంది, అది అబద్ధం కాదు. కానీ వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి మనసులో ముల్లులా మిగిలిపోతోంది. అది మీతో చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

పోయిన చలికాలం అలాంటి ఒక ప్రోగ్రాంకి వెళ్లాను. ఎవరు పెట్టారో, ఏ ఊళ్లోనో రాయను. వాళ్లు మంచివాళ్లు, భోజనం దగ్గర్నుంచి రూము దాకా ఏ లోటూ చెయ్యలేదు, పైగా ఇలాంటిది నాకు ఒక్క చోటే జరిగింది కాదు. ముందు రోజు సాయంత్రం 5 గంటలకి నన్ను రిహార్సల్‌కి పిలిచారు. మిగతావాళ్లు అప్పటికే పది రోజులుగా సాధన చేస్తున్నారు. నా ముందు ఒక కాగితం పెట్టారు. అందులో నా వంతు వచ్చిన చోట 16 బార్లు, అంటే తాళం గళ్లు, ఖాళీగా వదిలేసి పైన 'ఫ్లూట్, మోహన, ఫ్రీగా' అని రాసి ఉంది. ఆ తర్వాత నుంచి చివరిదాకా మొదటి వయొలిన్లు ఏం వాయిస్తే నన్నూ అదే వాయించమన్నారు. సరే అన్నాను.

మర్నాడు హాల్లో ఏసీ ఎంత పెట్టారంటే ప్రేక్షకుల్లో ఆడవాళ్లు కొంగులు భుజాల చుట్టూ కప్పుకున్నారు. గ్రీన్‌రూంలో ఉన్నంతసేపూ వేణువుని చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్నాను, వెచ్చగా ఉంటుందని. స్టేజి మీదికెళ్లాక నా వంతు రావడానికి 20 నిమిషాలు పట్టింది, అంతసేపూ చల్లగాలి సరిగ్గా నా మీదికే కొడుతోంది. మొదటి షడ్జం, అంటే స, ఊదగానే అర్థమైపోయింది, శ్రుతి దిగిపోయింది. వేణువుని పెదవి మీద కాస్త బయటికి తిప్పి, ఊపిరి పెంచి పైకి లాగాను. స్వరం అయితే అందింది గానీ నాదం పోయింది, పీలగా, ఎవరో ఈల వేస్తున్నట్టు వినిపించింది. కండక్టరు గారు నావైపు చూసి చూపుడు వేలు పైకి ఆడించారు, శ్రుతి పెంచమని. దేన్ని పెంచను? వెదురుకి మర ఉండదు, బిరడా ఉండదు, తిప్పడానికి ఏమీ ఉండదు. రెండోసారి నా వంతు వచ్చేసరికి కీబోర్డు మీద ఫ్లూట్ టోన్ మొదలైంది, నా మైకు తగ్గిపోయింది. అంతా అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి, "ఎంత బాగా వాయించావు నాయనా" అని చెయ్యి పట్టుకుంది. ఆవిడ విన్నదాంట్లో సగం నాది కాదు. ఆ మాట ఆవిడకి చెప్పలేకపోయాను. బస్సులో ఇంటికొచ్చేదాకా అదే గుచ్చుకుంటూ వచ్చింది.

మీకు నేను చెప్పుకునేది ఒకటే. మీ సంగీతంలో వేణువు కావాలనుకుంటే రాయడం మొదలుపెట్టిన రోజునే పిలవండి. అంతా వండేశాక పైన చల్లే కొత్తిమీర లాగా చివరి రోజున పిలవకండి. వేణువుని మీ లెక్కలోకి లాగడం కాదు, మీరు కూడా దాని లెక్కలోకి కొంచెం రావాలి. రావచ్చు కూడా, అదేమంత కష్టం కాదు. ఎలాగో నాకు తెలిసినంత చెప్తాను.

ముందు ఆ ఏసీ సంగతి. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య ఉన్న దూరాన్ని 100 భాగాలు చేస్తే ఒక భాగాన్ని ఒక సెంటు అంటారు, మీకు తెలిసిందే. వేణువు లోపలి గాలి ఒక డిగ్రీ చల్లబడితే శ్రుతి సుమారు 3 సెంట్లు దిగుతుంది, ఎందుకంటే చల్లగాలిలో శబ్దం నెమ్మదిగా నడుస్తుంది. 30 డిగ్రీల వేడిలో ఇంట్లో శ్రుతి చూసుకున్న వేణువు 20 డిగ్రీల హాల్లోకి వస్తే లెక్క ప్రకారం 30 సెంట్లు తగ్గాలి. మన ఊపిరి వెచ్చగా లోపలికి పోతుంటుంది కాబట్టి అంత తగ్గదు గానీ, చెవి ఉన్నవాడికి తెలిసేంత తగ్గుతుంది. అదే చలికి తీగ బిగుస్తుంది, అది పైకి పోయే వైపు చూస్తుంది. అంటే మేము కిందికి, వయొలిన్లు పైకి. వెస్టర్న్ ఫ్లూట్ వాళ్లకైతే తల దగ్గర ముక్క కొంచెం లోపలికి నొక్కో బయటికి లాగో సర్దుకునే వీలుంది. మాది ఒకటే వెదురు ముక్క, బెజ్జం ఎక్కడ పడిందో అక్కడే జీవితాంతం ఉంటుంది. అందుకని హాలు చల్లదనం ఎంత ఉండబోతోందో ముందు రోజే చెప్పండి, రిహార్సల్ కూడా అదే ఏసీలో పెట్టండి. నేను దానికి తగ్గట్టు ఒక పిసరు పై శ్రుతి వేణువు తెచ్చుకుంటాను. ఇంతే. దీనికి రూపాయి ఖర్చు కాదు.

రెండోది, ఎవరి శ్రుతికి ఎవరు రావాలన్నది. ఆర్కెస్ట్రాలో ఓబో అనే ఊదే వాద్యం 'ఏ' (A) అనే స్వరం పట్టుకుంటుంది, 440 అనో 442 అనో, అందరూ దానికి కలుపుకుంటారు. కచేరీలో అలా కాదు. ప్రధాన కళాకారుడి షడ్జం ఏదైతే అదే అందరి షడ్జం, వయొలిన్ ఆయన బిరడాలు తిప్పుకుంటారు, మృదంగం ఆయన రాయి తీసి కొట్టుకుంటారు. వేణువు ముందుండే ఆ ఒక్క అంశానికి మీ వయొలిన్లని, చెల్లోలని నా షడ్జానికి రమ్మంటే ఏం పోతుంది? తీగ వాద్యాలు రాగలవు. కీబోర్డులో శ్రుతి సర్దుకునే మీట ఉంటుంది. రాలేనిది పియానో, గ్లాకెన్‌స్పీల్ లాంటివి, వాటికి ఆ పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి. ఇంకో సంగతి కూడా ఉంది. కీబోర్డులో ఉండే అంతర గాంధారం, అంటే రెండు గాంధారాల్లో పైది, తంబూరాకి సహజంగా కలిసే గాంధారం కంటే సుమారు 14 సెంట్లు ఎక్కువ. చిన్నప్పట్నుంచి తంబూరా పక్కన కూర్చుని నేర్చుకున్నవాడి వేలు ఆ తక్కువ చోటికే పోతుంది. అప్పుడు ట్యూనర్ చూసి "మీ గా ఫ్లాట్ ఉంది సార్" అంటారు. అది తప్పు పడటం కాదండీ, అది అక్కడే ఉండాలి.

ఫోన్లో "డి ఫ్లూట్ తీసుకురండి" అంటారు చూడండి, దాంతో ఎన్ని గంటలు పోతాయో ఒక్కసారి చెప్పనివ్వండి. పై ఆరు బెజ్జాలూ మూస్తే డి స్వరం పలికే వెదురు ముక్క ఒకటి ఉందనుకోండి. ఐరిష్ వాళ్లు దాన్ని డి ఫ్లూట్ అంటారు, అన్నీ మూసినప్పుడు వచ్చేదే వాళ్లకి పేరు. హిందుస్తానీ వాళ్లు పై మూడు బెజ్జాలు మూసిన చోట షడ్జం పెట్టుకుంటారు, కాబట్టి అదే ముక్క వాళ్లకి జి బన్సురీ. మేము పై రెండు మూసిన చోట షడ్జం పెట్టుకుంటాం, కాబట్టి మాకు అది ఆరు శ్రుతి, మీ భాషలో 'ఏ' (A). ఒకే వెదురు, మూడు పేర్లు. మీరు మనసులో ఒకటి అనుకుని డి అంటారు, నేను రెండు శ్రుతి వేణువు పట్టుకొస్తాను, అది చూసి మీ అసిస్టెంటుకి టెన్షన్, ట్రాన్స్‌పోజ్ చేద్దామంటే పార్టులన్నీ ప్రింటయిపోయి ఉంటాయి. స్వరం పేరు చెప్పకండి. రాగం ఏది, షడ్జం ఎక్కడ, కింద ఎంతవరకు వెళ్లాలి, పైన ఎంతవరకు వెళ్లాలి, ఈ నాలుగు ముక్కలు చెప్తే చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. గమకం.

మీ కాగితం మీద స్వరం ఒక చుక్క. నాకు స్వరం ఒక దారి. తోడి రాగంలో గాంధారం తీసుకోండి. అది నిలబడి ఉండే స్వరం కాదు, ఊగుతుంది, వేలు బెజ్జం మీద సగం లేచి సగం జారుతూ ఉంటే ఆ ఊపులోనే తోడి తోడి అవుతుంది. ఇప్పుడు మీరు దాని కింద చెల్లోలతో ఆ గాంధారాన్నే కదలకుండా పట్టి ఉంచారనుకోండి, నేను ఊగినప్పుడల్లా రెండూ ఒరుసుకుంటాయి, వినేవాళ్లకి వేణువు తప్పినట్టు ఉంటుంది. అప్పుడు మీరు "గమకం కొంచెం తగ్గించండి సార్, ప్లెయిన్‌గా వాయించండి" అంటారు. ప్లెయిన్‌గా వాయిస్తే అది తోడి కాదు. అలా అయితే వెస్టర్న్ ఫ్లూట్ ఆర్టిస్టు మీ దగ్గరే ఉన్నాడు, నాకంటే శుభ్రంగా వాయిస్తాడు, నన్నెందుకు పిలవడం?

హార్మనీ వద్దని నేను అనడం లేదు. హంసధ్వని, మోహనం, శంకరాభరణం లాంటి వాటిలో చాలా స్వరాలు నిలకడగా ఉంటాయి, అక్కడ మీరు కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, వేసుకోండి, బ్రహ్మాండంగా ఉంటుంది. గమకం బరువుగా ఉండే రాగాల్లో కింద షడ్జ పంచమాలు మాత్రం ఉంచండి, గాంధారాన్ని కార్డులోంచి తీసేసి నాకు వదిలెయ్యండి. నేను ఊగి, తిరిగి, ఒక చోట వాలతాను కదా, ఆ వాలే చోటు మీకు ముందే చెప్తాను, మీ కార్డు అక్కడ పడనివ్వండి. ఇది ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే ఒక పూటలో తేలే పని. ఒకరు ఒక ఊళ్లో కంప్యూటర్ ముందు రాసేసి, ఇంకొకరు ఇంకో ఊరి నుంచి ముందు రోజు సాయంత్రం వస్తే ఎన్నటికీ తేలదు.

ఇంకొక్క మాట, శబ్దం గురించి. మంద్రంలో వేణువు గొంతు చాలా మెత్తన. మీ ట్రాంబోన్లు, హారన్లు మామూలుగా వాయించినా అది మునిగిపోతుంది. మైకు పెంచితే ఊపిరి చప్పుడు పెరుగుతుందే తప్ప నాదం పెరగదు. అక్కడ ఇత్తడి వాద్యాల్ని ఆపడం ఒక్కటే దారి.

ఇదంతా ఏదో నా సొంత కోరిక అనుకోవద్దు. మనకంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నారు. జపాన్ స్వరకర్త తోరు తకెమిత్సు 1967లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కోసం 'నవంబర్ స్టెప్స్' రాశాడు. ఆ ఆర్కెస్ట్రాకి 125 ఏళ్లు నిండిన సందర్భం, సెయిజీ ఒజావా కండక్టరు. ఒకవైపు అంత పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రా, ముందు ఇద్దరే ఇద్దరు, ఒకరి చేతిలో షకుహచి, ఇంకొకరి చేతిలో బివా అనే తీగ వాద్యం. షకుహచి అంటే ఐదు బెజ్జాల వెదురు వేణువే, నిలువుగా పట్టుకుని ఊదుతారు, దాంట్లో ఊపిరి చప్పుడు కూడా సంగీతంలో భాగమే. మనవాళ్లెవరైనా అయితే వయొలిన్లతో ఆ షకుహచి పాటని రెట్టింపు చేసేవాళ్లు. తకెమిత్సు ఆ పని చెయ్యలేదు. ఆర్కెస్ట్రాని కుడి ఎడమలుగా విడదీశాడు. ఆ ఇద్దరూ వాయించేటప్పుడు ఆర్కెస్ట్రా చాలాసేపు నోరు మూసుకుని ఉంటుంది. వాళ్ల భాగాన్ని మామూలు ఐదు గీతల స్టాఫ్ నొటేషన్‌లో బంధించకుండా వాళ్ల వాద్యం పద్ధతికి తగ్గట్టు రాశాడు. రెండూ కలిసిపోవడం లేదు, అలా కలిసిపోనక్కర్లేదని తెలిసి రాసిన సంగీతం అది. మొదటిసారి విన్నప్పుడు నాకు సగం అర్థం కాలేదు, నిజమే చెప్తున్నాను. కానీ షకుహచి మీద కత్సుయా యొకొయామా ఊదిన ఒక్కో స్వరం ముందూ వెనకా ఎంత నిశ్శబ్దం ఉందో గమనించాక, నా 16 ఖాళీ బార్లు గుర్తొచ్చాయి. అవి నాకిచ్చిన చోటు కాదు, వాళ్లకి ఏం రాయాలో తోచక వదిలిన చోటు. ఆ తేడా తెలిసింది.

అమెరికాలో నవాహో, యూట్ తెగల మూలాలున్న ఆర్. కార్లోస్ నకాయ్ అనే ఆయన ఉన్నారు. ముందు ట్రంపెట్ నేర్చుకున్న మనిషి, తర్వాత అక్కడి ఆదివాసుల దేవదారు వేణువు పట్టుకున్నారు. ఆ వేణువులో సాధారణంగా పలికే ఐదు స్వరాలు మన చెవికి శుద్ధ ధన్యాసి లాగే వినిపిస్తాయి, మా పిల్లలకి వినిపిస్తే "మాస్టారూ ఇది మన పాటే కదా" అన్నారు. జేమ్స్ డిమార్స్ అనే స్వరకర్త నకాయ్ కోసం వేణువు, ఆర్కెస్ట్రా కలిసిన కృతులు రాశారు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఆ వేణువులు ఒక్కొక్కటి ఒక్కో శ్రుతిలో ఉంటాయి కాబట్టి, ఏ వేణువు పట్టుకున్నా ఒకే వేళ్ల పద్ధతిలో చదువుకునేలా నకాయ్ ఒక రాత పద్ధతి తయారు చేశారు, దాన్ని నకాయ్ ట్యాబ్ అంటారు. మనకి స్వరలిపి ఉండనే ఉంది. మీ స్కోరులో నా గీత మీద చుక్కలతో పాటు కింద స రి గ మ రాయించండి, గమకాల గుర్తులు నేనే వచ్చి పెడతాను. కండక్టరుకి చుక్కలు, నాకు స్వరాలు, ఇద్దరికీ ఒకే కాగితం.

బొలీవియా కథ ఇంకా ముందుకి పోతుంది. అక్కడి ఎత్తైన పీఠభూమి మీద ఐమారా తెగవాళ్లు ఊదే సికు అనే వాద్యం ఉంది, వెదురు గొట్టాలు వరసగా కట్టి ఉంటాయి. అది ఒక మనిషి వాయించేది కాదు. స్వరాలు ఒకటి విడిచి ఒకటి రెండు సగాలుగా పంచి ఉంటాయి, ఒక సగం పేరు ఇరా, ఇంకో సగం అర్కా. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఒకరు విడిచిన స్వరం ఇంకొకరు అందుకుంటేనే ఒక పాట పూర్తవుతుంది. ఆలోచించండి, దాన్ని ఒక సోలో ఆర్టిస్టు చేతిలో పెట్టి వెనక ఆర్కెస్ట్రా పెడితే అందులో అసలు ప్రాణం ఏం మిగులుతుంది? సెర్హియో ప్రుదెన్సియో అనే స్వరకర్త 1980లో లా పాస్ నగరంలో పూర్తిగా ఈ వాద్యాలతోనే ఒక ఆర్కెస్ట్రా పెట్టాడు. వయొలిన్లు లేవు. సికులు, తర్కా, పింకిల్యో అనే వేణువులే ఆర్కెస్ట్రా. వాటి శ్రుతి ఎలా ఉందో దాని మీదే కొత్త సంగీతం రాశారు.

మనకి కూడా ఇది కొత్త కాదు, మర్చిపోయాం అంతే. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి వాద్యవృంద మొదలైంది, రవిశంకర్, టి.కె. జయరామ అయ్యర్ నడిపారు. 1956లో దానికి కండక్టరుగా వచ్చినాయన పన్నాలాల్ ఘోష్. పిల్లల చేతిలో బొమ్మలాగా చూసే మురళిని 32 అంగుళాల పొడుగుకి పెంచి రాగం ఆలపించగల కచేరీ వాద్యం చేసినాయన ఆయనే. వేణువు వాయించే మనిషే లేచి నిలబడి దేశపు ఆర్కెస్ట్రాని నడిపించాడండీ, ఓ మూల కూర్చుని తన 16 బార్ల కోసం ఎదురు చూడలేదు. ఆ తర్వాత మన ద్రాక్షారామంలో పుట్టిన వీణ ఈమని శంకరశాస్త్రి గారు అదే వాద్యవృందకి స్వరరచన చేసి నడిపించారు. ఇళయరాజా గారు 1988లో హరిప్రసాద్ చౌరాసియా బన్సురీ చుట్టూ ఆర్కెస్ట్రాని అల్లి 'నథింగ్ బట్ విండ్' చేశారు, ఆ ఆల్బంలో తీగలు ఎక్కడ తప్పుకుని బన్సురీకి దారి ఇస్తాయో ఒకసారి కాగితం, పెన్సిల్ పట్టుకుని వినండి. ఇళయరాజా గారు 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌తో సింఫనీ వినిపించాక మా దగ్గరకొచ్చే కుర్రాళ్లు కూడా "మాస్టారూ, స్కోరు చదవడం నేర్పిస్తారా" అని అడుగుతున్నారు. నాకే పూర్తిగా రాదు, వాళ్లతో కలిసి నేర్చుకుంటున్నాను. మేము మీవైపు నాలుగు అడుగులు వేస్తున్నాం, అది కూడా మీకు తెలియాలి.

ఇప్పటిదాకా చెప్పింది కచేరీ వేణువు గురించి. దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది పల్లెల్లో ఉన్న పిల్లనగ్రోవి సంగతి.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు కళ్యాణదుర్గం వైపు. అక్కడ గొర్రెలు కాసే కురుబ తాత ఒకాయన ఉండేవాడు. ఇనప చువ్వని పొయ్యిలో ఎర్రగా కాల్చి వెదురుకి తనే బెజ్జాలు పెట్టేవాడు. కొలత ఏమిటి తాతా అంటే వేళ్లు ఆనించి చూపించాడు, ఒక బెజ్జానికీ ఇంకో బెజ్జానికీ మధ్య రెండు వేళ్లు, మళ్లీ రెండు వేళ్లు, అన్నీ సమానమే. వెదురు కాలినప్పుడు ఒక వాసన వస్తుంది, కొంచెం తియ్యగా, ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆ గుడిసె ముందరి బండే గుర్తొస్తుంది. ఆయన ఒక పాట ఊదాడు. అందులో గాంధారం ఏమిటో నాకు అంతుపట్టలేదు. నా వేణువు తీసి సాధారణ గాంధారంతో అదే పాట వాయించాను. "అది కాదప్పా" అన్నాడు. అంతర గాంధారంతో వాయించాను. "అదీ కాదు" అన్నాడు. మళ్లీ తనే ఊది చూపించాడు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూశాను, ముల్లు రెండు గాంధారాల మధ్య ఆగింది, ఎన్నిసార్లు ఊదినా అక్కడే ఆగింది. సమానంగా బెజ్జాలు పెడితే అలాగే వస్తుంది. అది పొరపాటు కాదు. ఆ పాట ఆ గాంధారంతోనే పుట్టింది, ఆ గాంధారం లేకపోతే ఆ పాట లేదు.

ఇలాంటి వేణువుని రికార్డు చేసుకెళ్లి, కంప్యూటర్లో ఆటోట్యూన్ పెట్టి సరైన గాంధారానికి లాగేసి, వెనక స్ట్రింగ్స్ వేసి, జానపద సింఫనీ అని పేరు పెట్టడం నేను విన్నాను. ఎవరి పాటో పేరు ఉండదు. ఊదినవాడికి ఆ రోజు ఇచ్చిన డబ్బులు తప్ప మరేమీ ఉండదు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆయన గాంధారాన్ని అలాగే ఉంచండి, మీ వయొలిన్లకి ఫ్రెట్లు లేవు కదా, వాళ్లు ఆ మధ్య చోటికి రాగలరు, వాళ్లకి ఆయన్ని గంటసేపు వినిపించండి చాలు. లేదంటే కింద షడ్జం మాత్రం పట్టి ఆగండి. ఆయన పేరు, ఊరి పేరు పైన వెయ్యండి. మళ్లీ మళ్లీ వాడుకుంటే మళ్లీ మళ్లీ డబ్బివ్వండి. మనిషిని పిలవగలిగినప్పుడు శాంపిల్ వాడకండి. మనిషి దొరకని పరిస్థితిలో శాంపిల్ వాడితే వాడండి గానీ, దానికి పల్లె పిల్లనగ్రోవి అని పేరు పెట్టకండి.

నిర్వాహకులకి వేరుగా రెండు మాటలు. రిహార్సల్ రోజులకి కూడా పారితోషికం లెక్క కట్టండి. ఒక్క ప్రోగ్రాం రోజుకి డబ్బిచ్చి "ముందు వారం వచ్చి కూర్చోండి సార్" అంటే పాఠాలు మానుకుని ఎవరూ రాలేరు, అందుకే చివరి రోజున వస్తున్నాం, తప్పు మా ఒక్కరిదే కాదు. అలాగే పాంప్లెట్‌లో కండక్టరు పేరు, మొదటి వయొలిన్ పేరు వేసి కింద 'ఇతర స్థానిక కళాకారులు' అని వెయ్యడం మానండి. సంగీత కళాశాలల్లో పాఠాలు చెప్పే పెద్దలకి కూడా ఇదే విన్నపం, వేణువు నేర్చుకునే పిల్లలకి స్టాఫ్ నొటేషన్, వెస్టర్న్ వయొలిన్ నేర్చుకునే పిల్లలకి స్వరలిపి, వారానికి ఒక్క గంట చాలు, చిన్నప్పుడే ఒకరి కాగితం ఇంకొకరు చదవగలిగితే పెద్దయ్యాక ఈ గొడవ ఇంత ఉండదు.

ఆ రోజు నా చెయ్యి పట్టుకున్న పెద్దావిడ మళ్లీ ఎప్పుడైనా నా కచేరీకి వస్తే ఈసారి నిజంగా నన్నే వినాలని కోరిక. మీలో ఎవరైనా కొత్తగా ఏదైనా రాయబోతుంటే, ఒక్క గీత కూడా గీయకముందే నాకు కబురు చెయ్యండి. మొదటి సిట్టింగుకి నా ఖర్చులతో నేనే వస్తాను. నా సంచిలో 17 వేణువులున్నాయి, ఏ శ్రుతిది తేవాలో చెప్పకండి, సంచి మొత్తం తెస్తాను. ఒక తంబూరా పెట్టుకుని, ఏసీ ఆపుకుని, రెండు గంటలు కూర్చుందాం.

ఇట్లు,
ఒక వేణువు వాయించేవాడు